మాట వినే ఇల్లు

ఆ పొద్దు ముక్కిడిగూడ మీద ఆకాశం తోమిన సత్తుపళ్లెంలా ఉంది. మబ్బుతునక లేదు, మంచు కూడా దిగలేదు. పెన్‌గంగ వైపు నుంచి గాలి మాత్రం మొదలయింది. కొమ్మల్ని కదిలించే గాలి కాదది. తలుపు కింది సందులోంచి దూరి కాలివేళ్లను వెతుక్కునే గాలి. ఆదిలాబాద్ జిల్లాలో ఆ గాలి తగిలిందంటే పదిహేను రోజుల్లో తొట్టిలో నీళ్లు ముట్టుకోలేరు. ఆశన్న పెరట్లో నిలబడి కాసేపు పైకి చూశాడు. తర్వాత వంగి ఉప్పుగుంత మూత మీద అరచెయ్యి ఆనించాడు. ఈ రోజులకు అది గోరువెచ్చగా ఉండాలి. బండరాయిలా ఉంది.

"సచ్చిందా?" అని వంటింట్లోంచే అడిగింది భార్య సక్కుబాయి.

"ఇంకా సావలే."

"ఇంకా సావలే, ఇంకా సావలే అనుకుంటనే నిరుడు శివరాత్రి దాకా గుంజినవ్. మీ అవ్వ దగ్గుడు నేను ఇన్న. నువ్వు మోటార్ల పొంటి తిరిగినవ్."

ఆశన్న మూత చుట్టూ మట్టిని కాలితో సర్దాడు. చుట్టుపక్కల పది ఊళ్లలో బోరుమోటారు ఆగితే ఆయనే వెళ్లాలి. మోటారు పక్కన కూర్చుని చెవి పెట్టి విని, ఎక్కడ అరిగిందో చెప్పేవాడు. మనుషులతో అంతసేపు కూర్చోడని సక్కుబాయి ఫిర్యాదు.

ఆ గుంత తవ్వి ఇరవై రెండేళ్లు. జిల్లా కేంద్రం అవతల వాతావరణ పరిశోధనశాల పెట్టిన కొత్తలో నలభై ఇళ్లను ఎంచుకుని పెరటికో గుంత తవ్వించారు. రెండు నిలువుల లోతు, నిండా ఏదో చేసిన ఉప్పు. ఎండాకాలం ఇంట్లో వేడి, కప్పు మీది వేడి పైపుల్లోంచి దిగి ఆ ఉప్పును కరిగిస్తుంది. ఇల్లు నీడలా ఉంటుంది. చలికాలం ఆ ఉప్పు గట్టిపడుతూ, దాచిన వేడిని తిరిగి ఇంట్లోకి వదులుతుంది. వైశాఖంలో పాతిపెట్టింది పుష్యంలో తవ్వుకోవడం అన్నమాట. ఆ పైపులు బిగించిన వాళ్లలో ఆశన్న ఒకడు. అప్పటికి మీసంలో ఒక్క తెల్లవెంట్రుక లేదు.

గుంతలో వేడి ఉంటే చాలదు. ఎప్పుడు ఎంత తీయాలో తెలియాలి. ఎడాపెడా తీస్తే సంక్రాంతి రాకముందే ఖాళీ. అందుకోసం ఇంటి దూలానికి అరచేయంత ఇత్తడి బిళ్ల ఒకటి బిగించారు. ఊరు దాన్ని చెవి అంది. అది మాటలు వినేది కాదు, మాటలోని వణుకును వినేది. చలి పుట్టిన సంగతి మనిషికి తెలియకముందే గొంతుకు తెలుస్తుందట. గొంతు రవ్వంత వణికితే చాలు, అడగకుండానే గుంతలోంచి వేడి లేచేది.

ఆ వణుకు దానికి నేర్పడానికి ఊరివాళ్లను పరిశోధనశాలకు తీసుకెళ్లి చలిగదిలో కూర్చోబెట్టి మాట్లాడించారు. మిగతావాళ్లు ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టి బయటికి ఉరికారు. ఆశన్న తల్లి పోసవ్వ మాత్రం స్టూలు మీద బాసింపట్టు వేసుకుని, తప్పిపోయిన బర్రె ఒకటి మహారాష్ట్ర దాకా పోయి పదకొండో రోజున తిరిగొచ్చిన ముచ్చట రెండు గంటలు చెప్పింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నా బర్రె ఇల్లు చేరేదాకా లేవలేదు. ఆ గది నడిపే దమయంతి మేడం కోస్తా వైపు పిల్ల, అప్పుడే ఉద్యోగంలో చేరింది. పరుగున వచ్చి శాలువా కప్పితే, పోసవ్వ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "సల్లగుండు బిడ్డా" అంది.

పది గంటలకు, పాతగుంతలు చూసి కొత్త యంత్రాలు పెట్టడానికి సర్పంచి పంపిన ఇంజినీరు ప్రణీత్ వచ్చాడు. కరీంనగర్ వాడు, పాతికేళ్లుంటాయి. గుంత మూత తీసి పొడవాటి కడ్డీ దించి, పైకి తీసి, దాని కొసన అంటిన ఉప్పును గోటితో గీకి చూపించాడు. తెల్లగా, పిండిలా రాలింది.

"అలసిపోయింది కాకా. కరుగుడు, గట్టిపడుడు, ఇరవై రెండేండ్లు అదే పని. ఇప్పుడు సగం కరుగుతలేదు. కరిగిన సగం గట్టిపడ్తలేదు."

"ఉప్పు మారిస్తే?"

"గీ ఉప్పు ఇప్పుడు ఎవలు చేస్తలేరు."

"పైపులు మంచిగనే ఉన్నయి."

"పైపులు మంచిగనే ఉంటయి కాకా, మీరు బిగించినయి గద. ఉప్పు లేకుంటే పైపులు ఏం జేస్తయి?"

ఆశన్నకు ఆ పిల్లవాడి మీద కోపం రాలేదు. నిజం చెప్పేవాడి మీద కోపం రాకపోవడమే ఆయనకు చిరాకు.

గుంత బదులు పెట్టే కొత్త యంత్రం చిన్నది. పీపా అంత ఉంటుంది, ఒక్క పూటలో దించేస్తారు. ముందు గదిలో పది రోజులు నడిపి చూసుకోవచ్చు. నచ్చితే కార్తీక పున్నమిలోపు కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే పేరు వచ్చే ఏటి జాబితాలోకి పోతుంది. అంటే ఈ చలికాలం ఏ గుంతా లేకుండా గడవాలి. నిరుడు మాఘంలోనే పోసవ్వ ఊపిరితిత్తుల్లోకి చలి దిగి పద్దెనిమిది రోజులు మంచం మీద ఉంది. ఎనభై రెండేళ్ల మనిషి. ఇంకోసారి అట్లా జరిగితే లేపలేమని డాక్టరు ఆశన్నను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాట ఆయన సక్కుబాయికి చెప్పలేదు. సక్కుబాయికి ముందే తెలుసు.

"మరి దీనికి చెవి?" అన్నాడు ఆశన్న.

"లోపలనే ఉంటది. పాత చెవి లెక్క వణుకు ఇంటది, మీదికెళ్లి మాటలు గూడ ఇంటది. మీరు చెప్పుడు, అది చేసుడు."

ముందు గది పైపులు కొత్తదానికి కలిపారు, వెనక గది పాతదాని మీదే ఉంచారు. ప్రణీత్ గది మధ్యలో నిలబడి, వార్తలు చదివే గొంతుతో, "వెచ్చగా చెయ్యి" అన్నాడు. నిమిషంలో కాళ్ల కింద బండలు వెచ్చబడ్డాయి. "చల్లగా చెయ్యి" అన్నాడు. గదిలోని వేడిని ఎవరో కింద నుంచి పీల్చినట్టు బండలు చల్లబడ్డాయి.

పోసవ్వ బోసినోటితో నవ్వింది. "చెప్పంగనే ఇంటున్నది. కోడలి కన్న నయమే."

"నీ కొడుకు కన్న గూడ నయమే అత్తా," అంది సక్కుబాయి. "వానికి నేను ముప్పై ఏండ్ల సంది చెప్తున్న."

రెండు రోజులు ఇల్లు హాయిగా ఉంది. పోసవ్వ దగ్గు తగ్గింది. ఆశన్న కూడా సంతకం పెట్టేద్దామనుకున్నాడు.

మూడో రోజు రవళి వచ్చింది. వీధి చివరింటి కోడలు. తొలికాన్పు, ఆడపిల్ల, ఇరవై ఒకటో రోజు. ముక్కిడిగూడలో పసిపిల్ల మొదటిసారి గడప దాటితే ముందు పోసవ్వ ఒడిలో పెట్టాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో పుట్టినవాళ్లంతా ఆ ఒడి ఎక్కినవాళ్లే. ప్రణీత్‌ని పంపించిన సర్పంచి కూడా ఎక్కాడు.

పోసవ్వ పిల్లను ఒడిలోకి తీసుకుని, బొటనవేలితో నుదుటి మీద నిమిరి, ఎప్పుడూ అనే నాలుగు మాటలూ అంది.

"సల్లగుండు బిడ్డా. మీ అవ్వ కడుపు సల్లగుండ. మీ అయ్య ఇల్లు సల్లగుండ. నువ్వు పోయే తొవ్వ సల్లగుండ."

ఆడవాళ్లు తలుపు దగ్గరికి వేసి ముచ్చట్లలో పడ్డారు. పలచటి గుడ్డలో చుట్టిన పిల్లను బండల మీద పరచిన బొంతలో పడుకోబెట్టారు. పైకి చప్పుడేమీ లేదు. గది దానంతట అదే చల్లబడుతూ వచ్చింది. రవళి మోచేతులు రుద్దుకుంది. బయట గాలి ఎక్కువైందేమో అనుకున్నారు. పోసవ్వ కొంగు కప్పుకుంటూ, "ఏందే, గింత సల్లగున్నది?" అంది. పీపాకు అది ఐదో ఆజ్ఞ.

పిల్ల మొదట కాస్త ఏడిచి, తర్వాత ఊరుకుంది. ఏడుపు మానిన పిల్లను చూసి ఎవరు భయపడతారు?

మధ్యాహ్నం ఆశన్న భోజనానికి వచ్చి తలుపు తీశాడు. బయటి కన్నా లోపల చల్లగా ఉంది. ఆయన చూపు ముందు బండల మీదికి, తర్వాత బొంతలోకి పోయింది. పిల్ల పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆశన్న పిల్లను ఎత్తి, అంగీ గుండీలు తెంపి రొమ్ముకు అదుముకుని, బయట ఎండ పడే గోడవారకు పోయి నిలబడ్డాడు. రవళి వెనకాలే వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. పిల్ల వీపు మీద ఆయన అరచెయ్యి అలాగే ఆడుతోంది. గ్రీజు మరకలు గుడ్డకు అంటుతున్నాయి. ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు. పిల్ల చీమంత గొంతుతో మొదలుపెట్టి, చివరికి గుక్కపట్టి ఏడిచింది. అప్పుడు రవళి కూడా ఏడిచింది.

వాళ్లను ఇంటిదాకా దిగబెట్టి వచ్చాక ఆశన్న గది మధ్యలో నిలబడి, "సల్లగుండు" అన్నాడు. బండలు చల్లబడ్డాయి. ఇంకోసారి అన్నాడు. ఇంకా చల్లబడ్డాయి. మూలన మంచం మీద కూర్చుని పోసవ్వ అంతా చూసింది.

"నా నోరే గదరా కొడకా," అంది మెల్లగా. "మిషిని కాదు. నా నోరే."

"నీ నోరు కాదవ్వా."

"నేనే అన్న. నాలుగు పార్లు అన్న."

వెనక గదిలోకి పోయి పడుకుంది. చలిగా ఉందేమో, గోడవైపు తిరిగి ఏదో గొణుక్కుంటోంది. దూలం మీది పాత ఇత్తడి బిళ్ల ఆ గొంతు విని జుయ్‌మంది. పెరట్లో పంపు తిరిగింది. పైపుల్లో నీళ్లు పరుగెత్తాయి. ఆశన్న గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూశాడు. వేడి రాలేదు. అది వింది. ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ లేదు.

మర్నాడు ప్రణీత్ వచ్చి, సంగతి సగం వినగానే నవ్వాడు. పిల్ల పెదాల మాట వచ్చేసరికి నవ్వు ఆగింది.

"మా అమ్మమ్మ గూడ గట్లనే అంటది కాకా. మేం ఎవ్వలం ఆలోచన చెయ్యలే." బుర్ర గోక్కున్నాడు. "ఒక పని జేద్దాం. అవ్వను ఇంకో మాట అనుమనుండ్రి. సల్లగుండు బదులు వెచ్చగుండు అనుమనుండ్రి."

సక్కుబాయి చేతిలో చెంబు కింద పెట్టింది. "సారూ, మీకు పెండ్లి అయిందా?"

"లేదు."

"అందుకే. ఒళ్లు వెచ్చగున్నది అంటే జరం వచ్చింది అన్నట్టు. పసిపిల్లను ఒళ్లె పెట్టుకొని జరం రావాలె అని ఎవలన్న అంటరా?"

ప్రణీత్ చెవులు ఎర్రబడ్డాయి.

"మాటల కన్న ముందు వణుకు ఇనుమనుండ్రి," అన్నాడు ఆశన్న. "పాతదాని లెక్క. అవ్వ సలితోని వణుక్కుంట అన్నప్పుడు, ఏమన్నా సరే, వేడి రావాలె."

"ముందట గట్లనే ఉండె. పట్నంల ఇండ్లోల్లు ఒప్పుకోలే. మేం సల్లగ జెయ్ అంటే అది మా గొంతు విని వేడి జేస్తది, మా మాట ఇంటలేదు అని లొల్లి పెట్టిండ్రు. అందుకే మాట ముందట, వణుకు ఎనక. ఆ వరస పెట్టెలోపల సీల్ వేసి ఉంటది. ఒక్క ఇంటికి మార్చుడు నా చేతుల లేదు."

"ఎవల చేతులున్నది?"

ప్రణీత్ ఒక ఫోన్ నంబరు రాసిచ్చాడు.

ఆ నంబరుకు ఆశన్న మూడు రోజులు ఫోన్ చేశాడు. ప్రతిసారీ ఒక ఆడగొంతు ముందు భాష ఎంచుకోమనేది, తర్వాత ఊరి పేరు చెప్పమనేది. ముక్కిడిగూడ అంటే అర్థం కాలేదనేది. నాలుగోసారి, జిల్లా పేరు మాత్రమే చెప్పి గట్టెక్కాడు. సమస్య చెప్పమంది. పెరట్లో ఉప్పుగుంత మూత మీద కూర్చుని, పంచాయతీలో నిలబడ్డ మనిషిలా గొంతు సవరించుకుని చెప్పాడు.

"మా అవ్వ సల్లగుండు అంటే అది సల్లగ చేస్తున్నది."

ఆ గొంతు, "మీ యంత్రం సరిగ్గా పనిచేస్తోంది. ధన్యవాదాలు," అంది.

ఆశన్న ఫోన్‌ను చూశాడు. జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ బయటికి తీసి చూశాడు. విసిరికొట్టడానికి చెయ్యి లేచింది గానీ, ఎదుటింటి గోడ మీద కూర్చున్న పిల్లి తనవైపే చూస్తోంది. చెయ్యి దించేశాడు.

పున్నమికి ఇంకా ఆరు రోజులు. మర్నాడు బస్సెక్కి పరిశోధనశాలకు వెళ్లాడు. దమయంతి మేడంను మెట్ల కింద ఉన్న గదిలో కూర్చోబెట్టారు. జుట్టు తెల్లబడింది. ఒకప్పుడు ఆ భవనమంతా ఆమె చెప్పినట్టు నడిచేది.

"మీ అమ్మగారు ఎలా ఉన్నారు ఆశన్నా? ఆ బర్రె కథ నాకు ఇప్పటికీ గుర్తుంది."

"నోరు తెరుస్తలేదు మేడం. పిల్ల వచ్చిపోయిన కాన్నుంచి."

జరిగింది చెప్పాడు. ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"రెండుసార్లు రాశాను నేను, మాట కన్నా గొంతు ముందుండాలని. సరే, ఆలోచిస్తామన్నారు. ఆ ఆలోచించే గదిలోకి నన్ను పిలవలేదు."

"పాత చెవి ఉన్నది. కొత్త గుంత ఉన్నది. రెండింటికి వైరు కలిపితే?"

"కలపొచ్చు. నీ చేతికి అది గంట పని. కానీ ఆ పెట్టె దాని చెవిని తప్ప వేరే చెవిని ఒప్పుకోదు. సీల్ తీసిన క్షణం తాళం వేసుకుంటుంది. తిరిగి తెరవాలంటే పైనుంచి మనిషి రావాలి." కిటికీ వైపు చూస్తూ అంది. "ఒక సంగతి చెప్పనా? కొత్తవాటిలో కూడా వణుకు గుర్తుపట్టే భాగం మారలేదు. మీ అమ్మగారి రెండు గంటల రికార్డు నుంచే అది నేర్చుకుంది. ఎక్కడ, ఏ ఇంట్లో ఈ యంత్రం ఉన్నా దానికి చలి అంటే ఏమిటో ఆమే చెప్పింది."

"మరి ఆమె మాటనే దానికి తెలుస్తలేదు గద మేడం."

దమయంతి మేడం ఆయనకు టీ తెప్పించింది.

బస్సులో తిరిగి వస్తూ దారి పొడవునా ఆశన్న తన చేతుల్ని చూసుకున్నాడు. ముప్పై ఏళ్లలో ఎన్ని మోటార్లు విప్పాడో లెక్కలేదు. సీల్ ఉందని, తెరవొద్దని రాసినవాటిని కూడా విప్పి బాగుచేసి ఎప్పటిలా మూసిన మనిషి. సీల్ అంటే ఆయన దృష్టిలో చేతకానివాళ్ల కోసం పెట్టేది. ఇంటికి రాగానే చొక్కా మార్చుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకుని ముందు గదిలో బాసింపట్టు వేశాడు.

"మేడం ఏమన్నది?" అంది సక్కుబాయి.

"ఒద్దన్నది."

"మరి?"

"జర ఎనక్కి జరుగు. ఎల్గు పడ్తలేదు."

గంట కూడా పట్టలేదు. పాత ఇత్తడి బిళ్ల వైరును పీపాలోకి దించి కలిపాడు. పీపా మీద ఎర్రదీపం వెలిగింది. లోపల ఏదో టక్కుమంది. అంతే. ముందు గది బండలు చల్లబడ్డాయి. వెనక గది ఎలాగూ చల్లగానే ఉంది. వైరు తీసేశాడు. మళ్లీ టక్కుమంది గానీ దీపం ఆరలేదు. సాయంత్రం దాకా దాని ముందు కూర్చున్నాడు, మొండి ఎద్దు ముందు కూర్చున్నట్టు. చివరికి ప్రణీత్‌కు ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పాడు. తాళం తెరిచే మనిషి హైదరాబాద్ నుంచి రావాలి, మూడు రోజులు పడుతుందన్నాడు ప్రణీత్.

ఆ మూడు రోజులే ఆ ఏడు చలి ఒక్కసారిగా విరుచుకుపడింది. రేడియోలో ఐదు డిగ్రీలు అన్నారు. కుంపటి పెడితే పొగకు పోసవ్వ దగ్గింది. కుంపటి తీస్తే చలికి దగ్గింది. సక్కుబాయి ఇంట్లో ఉన్న బొంతలన్నీ ఆమె మీద వేసింది. తన చీరలు కూడా మడతపెట్టి వేసింది. ఆశన్నను ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేదనిపించింది ఆయనకు. మూడో రోజు పొద్దున పోసవ్వ ఛాతీలో పిల్లనగ్రోవి ఊదినట్టు సన్నగా మోగడం మొదలయింది. డాక్టరు వచ్చి సూది వేసి, "ఇల్లు వెచ్చగా ఉంచుతారా, తీసుకెళ్లి మా దగ్గర ఉంచమంటారా?" అని అడిగాడు. అడుగుతున్నప్పుడు ఆయన నోట్లోంచి ఆవిరి వచ్చింది.

మధ్యాహ్నానికి తాళం తెరిచే మనిషి వచ్చాడు. అతను ఎవరితోనూ మాట్లాడలేదు, పెట్టెతో మాత్రమే మాట్లాడాడు. బండలు వెచ్చబడ్డాయి. ప్రణీత్ గోడకు ఆనుకుని నిలబడి, తిట్టకుండా, కాగితం ముందుకు చాపాడు.

"పది రోజులు అయిపోయినయి కాకా. సంతకం పెట్టకుంటే గీ పీపా ఇయ్యాలనే తీస్కపోవాలె. పాతది ఎట్లుందో మీకెర్కే."

ఆశన్న కాగితాన్ని పట్టుకుని నిలబడ్డాడు. మంచం మీద నుంచి పోసవ్వ పిలిచింది. గొంతు గుసగుస కన్నా తక్కువ, పీపా వినకూడదన్నట్టు.

"పెట్టు కొడకా."

"నీకు మాట్లాడ రాకుంట అయితదే అవ్వా."

"ఎనభై రెండేండ్లు మాట్లాడిన. ఇంక ఎంత ముచ్చటున్నది నాకు?"

"ఊరోల్లు వస్తరు."

"బయట అరుగు మీద కూసుండి చెప్త."

"బయట సలి."

పోసవ్వ కొడుకు ముఖం చూసింది. "మరి పిల్లలు లోపట సచ్చిపోవాల్నా?" అంది.

ఆశన్న పెన్ను అడిగి తీసుకున్నాడు. కిటికీ గట్టు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. వీధిబడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు. ఇంటిపేరు దగ్గర పెన్ను ఆగితే విదిలించి మళ్లీ రాశాడు.

రెండు రోజుల తర్వాత పాతగుంతలోని ఉప్పును తోడి ట్రాక్టరులో పోసుకుపోయారు. దూలం మీది ఇత్తడి బిళ్లను విప్పబోతే సక్కుబాయి, "అది ఉండనియ్యుండ్రి, అడ్డమేముంది?" అంది. వైరు కోసేసి బిళ్లను వదిలేశారు. ఆశన్న ఖాళీ గుంత అంచున నిలబడి లోపలికి చూశాడు. తాను బిగించిన పైపుల మూతులు గోడల్లో ఇంకా తళతళలాడుతూనే ఉన్నాయి.

పోసవ్వ ఛాతీలో మోత తగ్గింది. డాక్టరు వచ్చి చూసి, తల ఊపి, మందులు తగ్గించాడు. ఇల్లు ఎప్పుడూ ఒకే తీరుగా వెచ్చగా ఉంటోంది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మొదట పోసవ్వ ఊరుకుంది. అత్తకు తోడుగా, ఏ మాటలో ఏముందో అని సక్కుబాయి ఊరుకుంది. ఆశన్న ముందు నుంచే ఊరుకునే మనిషి. ఒకసారి సక్కుబాయి టీ గురించి "సల్లారిపోతది" అంది. అంతే, పావుగంట బండలు మంచులా అయ్యాయి. ఆ రోజు నుంచి టీ తెచ్చి ఎదురుగా పెట్టి వేలితో గ్లాసు మీద కొడుతోంది.

పున్నమి దాటిన మూడో రోజు రవళి మళ్లీ వచ్చింది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడింది. పిల్లకు ఉన్ని టోపీ పెట్టింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"అవ్వా, ఆ పొద్దు నీ తప్పేం లేదు," అంది. "మా అత్తమ్మ గూడ అదే అన్నది. ఒక్కపారి మంచిగ ఒళ్లె పట్టుకొని చెప్పవ్వా. మధ్యల ఆగినట్టు ఉన్నది నాకు."

పోసవ్వ శాలువా కప్పుకుని గడప దాకా వచ్చింది. బయటికి వద్దామని కాలు ఎత్తింది. పెన్‌గంగ గాలి ముఖానికి తగలగానే దగ్గు తెర వచ్చింది. సక్కుబాయి వెనక నుంచి భుజాలు పట్టుకుంది. పోసవ్వ గడపలోపలే నిలబడి చేతులు బయటికి చాపింది. రవళి పిల్లను ఆ చేతుల్లో పెట్టింది. ముసలామె బొటనవేలితో నుదురు నిమిరింది. పెదాలు కదిలాయి. ఆమె కళ్లు ఒకసారి గదిలోకి, పీపా మీది పచ్చదీపం వైపు పోయాయి. పెదాలు మూసుకున్నాయి. ఇంకోసారి నుదురు నిమిరి పిల్లను తిరిగి ఇచ్చేసింది.

రవళి ఆగింది. ఇంకా ఏదో వస్తుందని చూసింది. రాలేదు.

"కోపమా అవ్వా నా మీద?" అంది.

పోసవ్వ కాదన్నట్టు తల ఊపింది. రవళికి అర్థం కాలేదు. పిల్లను కొంగులో దాచుకుని, రెండు సార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లిపోయింది. ఆశన్న ఆమె వెనకాలే నాలుగడుగులు నడిచాడు, చెబుదామని. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వీధి మధ్యలో నిలబడిపోయాడు.

మధ్యాహ్నం సక్కుబాయి జొన్నరొట్టెలు కొట్టింది, పుంటికూర వండింది. ముగ్గురూ బండల మీద కూర్చున్నారు. వెచ్చటి బండలు. పోసవ్వ రొట్టెను తుంచి కూరలో నానబెట్టి మెత్తబడేదాకా ఆగి తింటోంది. ఆశన్న తల ఎత్తకుండా తింటున్నాడు. రొట్టె అయ్యాక సక్కుబాయి అన్నం పెట్టింది. మజ్జిగ ముంత చేతిలోకి తీసుకుని, సల్ల పొయ్యాల్నా అని అత్తను అడగబోయి, నోరు తెరిచిందల్లా ఆగింది. ముంతను కాస్త పైకెత్తి చూపించింది. పోసవ్వ పళ్లెం ముందుకు జరిపింది. సక్కుబాయి వంగి పోసింది. ఆశన్న కూడా పళ్లెం జరిపాడు. ఆయనకూ పోసింది. అన్నం పిసికే చప్పుడు తప్ప గదిలో ఇంకే చప్పుడూ లేదు. పళ్లేలు ఖాళీ అయ్యేదాకా ముగ్గురూ అలాగే తిన్నారు.